కూలి బిడ్డకు నోరిచ్చే బడి

కూలి రేట్ల గురించీ, భూముల గురించీ, కరువు పనుల గురించీ రాసే ఈ శీర్షికలో ఈసారి అంగన్‌వాడీ గురించి రాస్తున్నాం. రైతు కూలీల పేజీలో పసిపిల్లల బడి ఊసెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కూలి తల్లి పొద్దున్నే చేనుకు పోయేటప్పుడు మూడేళ్ల బిడ్డను ఎక్కడ వదిలిపెట్టాలి? ఇది కూలి సమస్య కాకపోతే మరెవరి సమస్య?

అనంతపురం నేల సంగతి అందరికీ తెలిసిందే. ఏడాది పొడుగునా కలిపినా వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. అదీ సమయానికి పడదు. పడిన నాలుగు రోజుల్లోనే చెనక్కాయ విత్తాలి, ఆ తర్వాత కలుపు తీయాలి, కాయ పీకాలి. పని ఉన్న ఆ కొద్ది రోజులూ ఇంట్లో కూర్చుంటే ఆడకూలికి పూట గడవదు. అందుకని బిడ్డను చంకనేసుకుని పోయి చెట్టుకు జోలె కట్టి పడుకోబెడుతుంది. లేదంటే బడికి పోవాల్సిన పెద్దపిల్లను చిన్నోడికి కాపలా పెడుతుంది. ఊళ్లో అంగన్‌వాడీ సరిగా నడవకపోతే ఒక బిడ్డ చదువు కాదు, ఇద్దరు బిడ్డల చదువు పోతుంది.

అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు, పప్పన్నం పెట్టే చోటని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. తిండి కావాల్సిందే. కడుపు నిండని బిడ్డకు పాట కూడా తలకెక్కదు. కానీ టీచరమ్మ మంచిదైతే అక్కడ జరిగే పని ఇంకా పెద్దది. మొదటి రోజు తల్లి చీర కొంగు వదలని పిల్ల కొన్నాళ్లకు అందరి మధ్యా నిలబడి తన పేరు, అమ్మ పేరు, ఊరి పేరు చెబుతుంది. చింతపిక్కలు లెక్కబెడుతుంది. కంది గింజలూ, అలసందలూ కలిపి పోస్తే వేటికవి ఏరి పెడుతుంది. తన చేతులు తానే కడుక్కుంటుంది. కథ మధ్యలో "నక్క ఎందుకట్లా చేసింది?" అని అడుగుతుంది. ఆ "ఎందుకు" అన్న మాటే అసలైన చదువు.

ఉన్నోళ్ల పిల్లోడికి ఆ ధైర్యం ఇంట్లోనే వస్తుంది. వాళ్ల నాయన ఆఫీసర్లతో కుర్చీలో కూర్చుని మాట్లాడేది రోజూ చూస్తుంటాడు. మన పిల్లోళ్లు చూసేదేమిటి? పెద్దోళ్లు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడం, అడిగితే తల దించుకోవడం. తరతరాలుగా మూయించిన నోరు అది. ఆరేళ్లకు బడిలో చేరేనాటికే బిగుసుకుపోయి ఉంటుంది. ఎస్సీ కాలనీ పిల్లా, రైతు పిల్లా ఒకే చాప మీద కూర్చుని ఒకే వరసలో తినడం కూడా ఆ నోరు తెరిపించే పాఠమే. అందుకే కేంద్రం ఏ వీధిలో పెడతారన్నది చిన్న విషయం కాదు.

తండా పిల్లోడు ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు. రాయదుర్గం, మడకశిర వైపు కర్ణాటకను ఆనుకున్న ఊళ్లలో కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి. ఆ బిడ్డ మాటకు అందరూ నవ్వితే ఇక వాడు నీళ్లు కావాలని కూడా అడగడు. ఆ భాష తెలిసిన మనిషి టీచరుగానో ఆయాగానో ఉంటే బిడ్డ భయం సగం తీరుతుంది.

అప్పు చేసి కాన్వెంటుకు పంపే తల్లిదండ్రులను మేం తప్పుపట్టం. కానీ మూడేళ్ల బిడ్డ చేతికి పలక ఇచ్చి ఏబీసీడీలు దిద్దించడమే చదువనుకోవడం సరికాదు. 1907లో మారియా మాంటిస్సోరి రోమ్ నగరపు కార్మికవాడలో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచింది పనికి పోయే తల్లిదండ్రుల పిల్లల కోసమే. మన దేశంలో తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామానికి పోయి, అనుతాయి వాఘ్ తోడుగా, బడిని పేదల వాకిళ్లలోకే తీసుకుపోయారు. అంగన్ అంటే వాకిలే. 1975 అక్టోబర్ 2న మొదలైన ప్రభుత్వ పథకంలోని కేంద్రాలకు ఆ పేరే పెట్టారు.

పేరైతే పెట్టారు గానీ హక్కు ఇవ్వలేదు. 14 ఏళ్లలోపు పిల్లలందరికీ ఉచిత విద్య అందించడానికి రాజ్యం పాటుపడాలని 1950 నాటి రాజ్యాంగంలో ఆదేశిక సూత్రం ఉండేది. అందులో పసిపిల్లలూ ఉన్నారు. 2002 సవరణ విద్యను ప్రాథమిక హక్కు చేస్తూనే దాన్ని 6 నుంచి 14 ఏళ్లవారికే పరిమితం చేసింది. ఆరేళ్లలోపు బిడ్డలకు మిగిలింది రాజ్యం "ప్రయత్నిస్తుంది" అన్న మాట ఒక్కటే. మెదడు అన్నిటికన్నా వేగంగా ఎదిగే వయసును హక్కుకు బయట వదిలేశారు!

ఇక ఆ పని చేసే ఆడవాళ్ల సంగతి. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీలు సమ్మెకు దిగేనాటికి టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. పని అత్యవసరమట, పనిచేసేవాళ్లు మాత్రం ఉద్యోగులు కారట! ఇదెక్కడి న్యాయం? రిజిస్టర్లు నింపడానికీ, ఫోన్లో ఫోటోలు ఎక్కించడానికీ పొద్దంతా సరిపోతే పిల్లలకు కథ చెప్పేదెప్పుడు?

2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. పని చోటుకు తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక కూలి మనిషిని కూలి ఇచ్చి పెట్టాలని ఆ చట్టంలోనే రాశారు. అది ఎన్ని పనుల దగ్గర అమలైందో మన కూలి తల్లులనే అడగండి. రాసుకున్న హక్కు కూడా అడగనిదే రాదు.

కాబట్టి కూలి సంఘాలు ఈ కోర్కెలను కూలి రేటుతో సమానంగా ఎత్తుకోవాలి. కలుపు రోజుల్లో, కాయ పీకే రోజుల్లో కూలీలు బయల్దేరే పొద్దుకే కేంద్రం తెరవాలి, అందుకు అదనపు మనిషిని పెట్టి అదనపు జీతం ఇవ్వాలి. ఆ భారం ఉన్న టీచరు మీదే వేయకూడదు. బెంగళూరుకు వలసపోయిన కుటుంబాల పిల్లలను అక్కడి కేంద్రాల్లో పేచీ లేకుండా చేర్చుకోవాలి. తండాల్లో తండా ఆడబిడ్డలకే ఉద్యోగం ఇవ్వాలి. కేంద్రానికి సొంత గది, నీళ్లు, ఆట వస్తువులు ఉండాలి.

అన్నలారా, అక్కలారా! ఈ నెల మీ ఊరి సంఘం సమావేశానికి అంగన్‌వాడీ టీచరమ్మను పిలవండి. ఏ గుడిసె నుంచి బిడ్డ రావడం లేదో, ఎందుకు రావడం లేదో ఆమెతో కూర్చుని లెక్క తీయండి. ఆ లెక్క పట్టుకుని గ్రామసభకు పోదాం.