11-10 అంటే ఎప్పుడు?

కామారెడ్డి జిల్లా ఎప్పుడు పుట్టింది? అక్కడివాళ్లని అడిగితే 2016 దసరా నాడు అంటారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజామాబాద్ జిల్లా నుంచి విడివడింది ఆ రోజే. కాగితం మీద రాస్తే 11-10-2016. అదే తేదీని అమెరికా పద్ధతికి సెట్ చేసిన కంప్యూటర్‌లో కొట్టి చూడండి... నవంబరు 10 అంటుంది! వాళ్లకి నెల ముందు, రోజు తర్వాత మరి.

మనం టైపు చేసే తేదీ కంప్యూటర్‌కి మొదట తేదీ కానే కాదు. వట్టి అక్షరాల వరస. ప్రోగ్రామర్లు దాన్నే స్ట్రింగ్ అంటారు. దాన్ని రోజుల సంఖ్యగా మార్చుకుంటేనే కూడికలూ తీసివేతలూ కుదురుతాయి. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటో రోజుగా లెక్కపెడుతుంది. ఆ లెక్కన తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 నంబరు 41,792. కామారెడ్డి జిల్లా నంబరు 42,654. తీసేస్తే 862 రోజులు. రెండు తేదీల్నీ అమెరికా పద్ధతిలో చదివితే మాత్రం 1,008 వస్తుంది. (ఈ నంబర్లలో అసలెప్పుడూ రాని 1900 ఫిబ్రవరి 29 కూడా కలిసి ఉంది. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాంతో పొత్తు కుదరాలని ఎక్సెల్ ఆ తప్పును అలాగే ఉంచేసుకుంది!)

25-10 అని ఉంటే బాధ లేదు. ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోదు. గడిలో ఎడమవైపు అంటుకుపోయి కనిపిస్తుంది, మనకి తెలిసిపోతుంది. చిక్కంతా 12 లోపు తేదీలతోనే. చప్పుడు చేయకుండా మారిపోతాయి.

మారితే ఏమవుతుందంటారా? 2018లో మొదలైన రైతు బీమానే తీసుకోండి. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. వయసు 18 నుంచి 59 లోపు ఉండాలి, లెక్కేది ఆగస్టు 14 నాటికి. ఎల్లారెడ్డి దగ్గర ఓ రైతు 05-11-1966న, అంటే నవంబరు 5న పుట్టాడనుకుందాం. 2025 ఆగస్టు 14 నాటికి ఆయనకి 58 ఏళ్లే. పట్టికలో అది మే 11గా మారిందా... 59 నిండిపోయాయి, పేరు పోయింది. యంత్రం ఏ తప్పూ చూపించదు.

అందుకే ప్రోగ్రాం రాసేవాళ్లు తేదీ చదివే వరసను ముందే చెప్పేయాలి. అందులోనూ ఓ తిరకాసుంది. పైథాన్‌లో చిన్న ఎమ్ అంటే నెల, పెద్ద ఎమ్ అంటే నిమిషం. జావాలో సరిగ్గా తిరగబడుతుంది! మీ పిల్లలు ఏదైనా కోర్సులో చేరి ఉంటే ఈ ఒక్కటీ అడిగి చూడండి. ఇంట్లో పట్టిక రాసుకునేవాళ్లు 2016-10-11 అని ఏడాదిని ముందు పెట్టుకోండి. అక్షరాలుగా ఉన్నా వరసలో సరిగ్గానే కూర్చుంటాయి.

ఇక తాతల నాటి భూమి కాగితాలు తీశారంటే ఏ సెట్టింగూ ఆదుకోదు. అక్కడుండేది ఫసలీ సంవత్సరం. 1364 అని ఉంటే 590 కలుపుకోండి. 1954... అంటే ఖాస్రా పహాణీ రాసిన ఏడాదన్నమాట.