నైట్‌షిఫ్టు బాపుకు ఏ మెసెంజర్?

రాత్రి షిఫ్టుకు మస్టర్ పడింది. క్యాప్‌ ల్యాంప్ పెట్టుకుని బాపు బాయిలోకి దిగాడు. ఫోను పైనే ఉండిపోయింది. అప్పుడు డాలస్‌లో మిట్టమధ్యాహ్నం. అక్కడ చదువుకుంటున్న కూతురు ల్యాప్‌టాప్ ముందు అన్నం తింటూ ఓ మెసేజ్ కొట్టింది. ‘బాపూ, డ్యూటీకి పోయినవా?’

గంటైంది. రెండు గంటలైంది. జవాబు లేదు. ఆ పిల్లకు ముద్ద దిగుతుందా?

గోదావరిఖనిలో ఇది ఏ ఒక్కింటి ముచ్చటో కాదు. ఎయిటింక్లైన్ కాలనీ నుంచి మార్కండేయ కాలనీ దాకా, పిల్లలు దూరదేశాల్లో ఉన్న కార్మిక కుటుంబాలకు ఇది అనుభవమే. సింగరేణిలో రోజుకు మూడు షిఫ్టులు. భూగర్భ గనిలోకి దిగేవాళ్ళు మామూలు సెల్‌ఫోను వెంట తీసుకెళ్ళకూడదు. మీథేన్ వాయువు ఉండే చోట చిన్న నిప్పురవ్వ పుట్టినా ముప్పే మరి! అంటే షిఫ్టు అయ్యేదాకా ఆ మనిషి ఎవరికీ అందడు. పైకొచ్చేసరికి అటువైపు వాళ్ళు నిద్రకు సిద్ధమవుతుంటారు. ఇక్కడ ఉదయం ఎనిమిదైతే, వేసవిలో డాలస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర.

అందుకే బొగ్గుబాయి ఇళ్ళల్లో కంప్యూటర్‌కు మెసెంజర్ ఎంచుకునేటప్పుడు రంగురంగుల బొమ్మలు ఎన్నున్నాయని చూడక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు. అవతలి మనిషి లేనప్పుడు కబురు ఆగుతుందా? అందిందో లేదో సరిగ్గా చెబుతుందా? రేపు ఆ ప్రోగ్రాం మూతపడితే మన కబుర్లు మిగులుతాయా?

అప్పట్లో మొనగాడెవరు?

మెసెంజర్ల సందడి 1996లో ఇజ్రాయెల్ కుర్రాళ్ళు తెచ్చిన ‘ఐసీక్యూ’తో ఊపందుకుంది. 1998లో యాహూ ‘పేజర్’ పేరుతో బరిలోకి దిగి, మరుసటేడాది యాహూ మెసెంజర్‌గా మారింది. 1999లోనే మైక్రోసాఫ్ట్ ఎంఎస్ఎన్ మెసెంజర్‌ను తెచ్చింది. 2003లో స్కైప్, 2005లో గూగుల్ టాక్ వచ్చాయి. విదేశానికి ఫోను చేస్తే నిమిషానికి పదుల రూపాయలు వదిలిన రోజుల నుంచి వచ్చినవాళ్ళకు, నెట్ సెంటర్లో కూర్చుని పిల్లలతో కబుర్లాడటం అద్భుతమే.

వాటిలో తేడా ఏమిటంటారా? ఎదుటి మనిషి ఆన్‌లైన్‌లో లేకపోయినా యాహూలో కబురు పెట్టి పోవచ్చు. ఆయన లాగిన్ కాగానే అది తెర మీద ప్రత్యక్షమయ్యేది. ఎంఎస్ఎన్‌లో ఆ వీలు 2006లో, విండోస్ లైవ్ మెసెంజర్‌గా పేరు మారాకే వచ్చింది. గూగుల్ టాక్‌కూ ఆ ఏడాది చివర్లోనే. షిఫ్టుల బతుకుకు యాహూ బాగా సరిపోయింది. మాట స్పష్టంగా వినపడాలంటే మాత్రం స్కైప్ వైపు మొగ్గేవారు.

మరిప్పుడు అవేవీ? విండోస్ లైవ్ మెసెంజర్ సేవను 2013 నుంచి దశలవారీగా ఆపేశారు. యాహూ మెసెంజర్ 2018 జులై 17న, ఐసీక్యూ 2024 జూన్ 26న, స్కైప్ 2025 మే 5న సెలవు తీసుకున్నాయి. గూగుల్ టాక్ స్థానంలో హ్యాంగవుట్స్ వచ్చింది. 2022లో అదీ పోయి గూగుల్ చాట్ మిగిలింది. ఎంత పెద్ద కంపెనీదైనా మెసెంజర్ శాశ్వతం కాదన్నమాట!

ఇప్పుడు బరిలో ఉన్నవి

వాట్సప్: 2015లో కంప్యూటర్ బ్రౌజర్‌లోకి, 2016లో విడి ప్రోగ్రాంగా డెస్క్‌టాప్ మీదికి వచ్చింది. ఒక ఫోనుకు నాలుగు పరికరాలు జతచేయొచ్చు. ఫోను ఆఫ్‌లో ఉన్నా కంప్యూటర్‌లో పనిచేస్తుంది. అయితే 14 రోజులకు పైగా ఫోనులో వాట్సప్ తెరవకపోతే కంప్యూటర్‌లో లాగౌట్ అయిపోతుంది. అందని కబురును 30 రోజులు దాచిపెడుతుంది. పంపినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు.

టెలిగ్రామ్: కబుర్లన్నీ కంపెనీ సర్వర్లోనే ఉంటాయి. కాబట్టి కొత్త కంప్యూటర్ కొన్నా పాతవన్నీ దొరుకుతాయి. పెద్ద పెద్ద ఫైళ్ళు పంపడానికి బాగుంటుంది. కానీ మామూలు చాట్లకు వాట్సప్‌లో ఉన్న గోప్యత ఉండదు. అది ‘సీక్రెట్ చాట్’లకే. విండోస్ డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో ఆ సీక్రెట్ చాట్ లేదు.

సిగ్నల్: లాభాపేక్ష లేని సంస్థది. గోప్యతలో మేటి. చిక్కల్లా ఒక్కటే. అమ్మ, బాపు, మేనమామ అందరూ దాంట్లో చేరాలి కదా!

గూగుల్ చాట్: జీమెయిల్ ఖాతా ఉంటే చాలు, ఫోను పక్కన ఉండక్కర్లేదు. ఇంటి కంప్యూటర్లో మెయిల్ తెరిచే అలవాటున్న పెద్దవాళ్ళకు సులువు. వాట్సప్ స్థాయి గోప్యత మాత్రం ఇందులో లేదు.

టిక్కుల లెక్క

అసలు కంగారంతా టిక్కుల దగ్గరే. వాట్సప్‌లో ఒక టిక్ ఉందంటే మెసేజ్ బయల్దేరింది, ఇంకా చేరలేదని. ఫోను ఆఫ్‌లో ఉన్నా, సిగ్నల్ లేకపోయినా అంతే. దానికి గుండెలు బాదుకోనక్కర్లేదు.

రెండు టిక్కులు పడితే? ఫోనుకు గానీ, జతచేసిన కంప్యూటర్‌కు గానీ చేరిందని అర్థం. ఇక్కడే ఉంది మెలిక. బాపు వాట్సప్ ఇంట్లో కంప్యూటర్‌కు జతచేసి ఉంటే, ఆయన బాయిలో ఉన్నా రెండు టిక్కులు పడతాయి. ఇంట్లో ఎవరైనా తెరిచి చూస్తే, రీడ్ రిసీట్స్ ఆన్‌లో ఉన్నప్పుడు నీలిరంగు కూడా వస్తుంది. ‘చూసి కూడా జవాబివ్వలేదే’ అని పిల్లలు నొచ్చుకునేది అందుకే. టెలిగ్రామ్ లెక్క వేరు. అక్కడ ఒక టిక్ అంటే సర్వర్‌కు చేరిందని, రెండంటే చదివారని.

ఏ టిక్కూ మనిషి క్షేమాన్ని చెప్పదు. నిజంగా ఆందోళన కలిగితే టిక్కులు చూస్తూ కూర్చోవద్దు. గని ఆఫీసు నంబరు, పక్కింటివాళ్ళ నంబరు పిల్లల దగ్గర ముందే ఉండాలి.

జిరాక్స్ షాపులో జాగ్రత్త

చౌరస్తాలో జిరాక్స్ షాపుకెళ్ళి ఆధార్ కార్డో పేస్లిప్పో ప్రింటు తీయించుకోవాలి. షాపు కంప్యూటర్‌లో వాట్సప్ వెబ్ తెరిచి, ఫోనుతో స్కాన్ చేసి, కాగితం తీసుకుని బయటికొచ్చేస్తాం. లాగౌట్ సంగతి మరిచిపోతాం. ఇక మన ఇంటి ముచ్చట్లన్నీ ఆ కంప్యూటర్‌లో తెరిచిన పుస్తకమే! ఫోనులో ‘లింక్‌డ్ డివైసెస్’ తెరిచి, మీది కాని కంప్యూటర్ కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి. వారానికోసారి చూసుకోవడం మంచి అలవాటు.

ఇంతకీ ఏది మేలు?

ఇంటిల్లిపాదీ ఇప్పటికే ఉన్నది వాట్సప్‌లో అయితే, కంప్యూటర్‌లోనూ అదే మేలు. ఎంత గొప్ప మెసెంజరైనా అమ్మ అందులో లేకపోతే దండగే కదా. గుట్టుగా ఉండాల్సిన లెక్కలు, కాగితాలుంటే సిగ్నల్. పెళ్ళి వీడియోలకు టెలిగ్రామ్. ఏది వాడినా దాచుకోవాల్సిన ఫొటోలు, మాటలు నెలకోసారి హార్డ్‌డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించండి. యాహూ పోయినట్టే ఇవీ ఒకరోజు పోవచ్చు.

ఇంట్లో మరో కట్టుబాటూ పెట్టుకోండి. బాయిలోకి దిగే ముందు ఒక మాట, పైకొచ్చాక ఒక మాట. ఏ ప్రోగ్రాం అయినా ఫరవాలేదు. తెల్లారాక డాలస్ ల్యాప్‌టాప్‌లో ‘బిడ్డా, ఇంటికొచ్చిన. తిన్నవా?’ అన్న నాలుగు మాటలు కనిపిస్తే చాలు. ఆ పిల్ల హాయిగా నిద్రపోతుంది!