కంప్యూటర్ సీటు కోసం పొలం అమ్మకండి

పోస్టు కొంచెం పొడుగే. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

బారావీ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మన గ్రూపులో రెండే మాటలు నడుస్తున్నాయి. ఒకటి: "హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సీటు దొరికింది, ఎకరం పోతే పోయింది." రెండోది: "ఏఐ వచ్చింది, ఇంజనీరింగ్ పని అయిపోయింది. పిల్లగాణ్ని పోలీస్ భర్తీకి తయారు చెయ్." నా లెక్కలో రెండూ తప్పే.

మొదటిది చూద్దాం. మంచి రికార్డున్న కాలేజీలకు సీట్ల పరిమితిని ఏఐసీటీఈ 2024లో ఎత్తేసింది. తెలంగాణ ఇంజనీరింగ్ సీట్లలో సగానికి పైగా ఇప్పుడు కంప్యూటర్, దాని అనుబంధ కోర్సులవే. మరి అవతలి వైపు ఏం జరుగుతోంది? 2025 జూలైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామని చెప్పింది. కొత్తగా చేరినవాళ్లతో మొదటి ఏడాది చేయించే చిన్న చిన్న కోడింగ్, టెస్టింగ్ పనులనే యంత్రం ముందుగా మింగుతోంది. సీట్లు పెరిగి, మొదటి మెట్టు కరుగుతున్న చోట తాతల నాటి పొలం పెడతారా?

పైగా గోదావరి వంతెన దాటితే మనం నాన్ లోకల్. అక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ మనకు రాదు. కాళేశ్వరం మనకు కనిపించే దూరమే, భాష కూడా ఒక్కటే. కానీ కౌన్సెలింగ్ భాష చూడదు, స్థానికత చూస్తుంది.

సాఫ్ట్‌వేర్ చదవొద్దా? లెక్కల్లో పట్టుండి, మెరిట్‌లో మంచి కాలేజీ వస్తే తప్పకుండా చదవాలి. పక్కింటోడు చదివాడని అప్పు చేసి చదివించడమే వద్దంటున్నా.

ఇక రెండో మాట. ఇంజనీరు అక్కర్లేదనేవాళ్లు మన తాలూకా పోచంపల్లి ఒడ్డున నిలబడి మేడిగడ్డ బ్యారేజీ చూడాలి. 2019లో ప్రారంభించారు, 2023 అక్టోబర్ 21న 7వ బ్లాకులో పియర్లు కుంగాయి. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నింటా లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ తేల్చింది. ఆ బ్యారేజీ వెనక నీళ్లలో మన రైతుల పొలాలు మునిగాయి. సరైన ఇంజనీరింగ్ లేకపోతే ఏమవుతుందో సిరొంచకు ఇంకొకరు చెప్పాలా? ఇసుక కింద ఏముందో చూసేవాడు, కాంక్రీటు పరీక్షించేవాడు, గేటు దగ్గర నిలబడేవాడు రేపు కూడా మనిషే.

మన జిల్లా సంగతే చూడండి. ఏటపల్లి తాలూకా సుర్జాగఢ్ గుట్టల్లో ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. హెడ్రి నుంచి చామోర్షి తాలూకా కోన్సరి దాకా సుమారు 85 కిలోమీటర్ల స్లరీ పైప్‌లైన్ ఉంది. కోన్సరిలో 2025 జూలైలో ముఖ్యమంత్రి ఫడ్నవీస్ పెల్లెట్ ప్లాంటు ప్రారంభించి, ఏటా 45 లక్షల టన్నుల స్టీల్ ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. ఆ గుట్టల మీద మాడియా సోదరులకున్న అభ్యంతరం చిన్నది కాదు, దాన్ని నేను పక్కకు నెట్టడం లేదు. కానీ ప్లాంటు నడిచినప్పుడు దానికి మెకానికల్, ఎలక్ట్రికల్, మెటలర్జీ, మైనింగ్ చదివినవాళ్లు కావాలి. మన పిల్లల్లో వాళ్లు లేకపోతే కుర్చీలో బయటివాడు కూర్చుంటాడు, గేటు దగ్గర లాఠీ పట్టుకుని మనవాడు నిలబడతాడు. తర్వాత "స్థానికులకు అన్యాయం" అని మోర్చా తీస్తాం.

డబ్బు లేదంటారా? చంద్రపూర్‌లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, గడ్చిరోలిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా చేసినవాడు నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 2024-25 నుంచి ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్ఈబీసీ ఆడపిల్లలకు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, మహారాష్ట్ర ప్రభుత్వం ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఇంటి దగ్గర మాఫీ వదిలేసి అవతలి ఒడ్డున లక్షలు కట్టడం ఏం తెలివి?

అసలు అడ్డం కాగితాల దగ్గరుంది. కుల దాఖలా, వాలిడిటీ కావాలంటే ఓబీసీకి 1967 అక్టోబర్ 13, ఎస్టీకి 1950 సెప్టెంబర్ 6, ఎస్సీకి 1950 ఆగస్టు 10 నాటికి కుటుంబం మహారాష్ట్రలో ఉన్నట్టు రుజువు చూపాలి. తాత కాగితాలు చెన్నూరులోనో మంథనిలోనో ఉన్న ఇంటికి బండి అక్కడే ఆగుతుంది. జూన్‌లో తహసీల్ చుట్టూ తిరిగితే కోత్వాల్ బుక్ నకలు చేతికొచ్చేలోపు అడ్మిషన్ రౌండ్లు అయిపోతాయి.

సంఘం చేయాల్సింది ఇక్కడే. సీటు వచ్చినోడికి శాలువా కప్పి ఫొటో దిగడం చాలు. మూడు పనులు పెట్టుకుందాం. పిల్లలు పదకొండో తరగతిలో ఉండగానే, దీపావళి సెలవుల్లో, కాగితాల శిబిరం పెట్టాలి. మనవాళ్లలో ఇంజనీర్లు, డిప్లొమా, ఐటీఐ చేసినవాళ్లు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో జాబితా రాసి పిల్లలకు కలపాలి. సన్మానం చేస్తే వెల్డర్‌కూ ఎలక్ట్రీషియన్‌కూ అదే వేదిక మీద చేయాలి.

వచ్చే మీటింగులో ఈ మూడూ ఓటుకు పెడతాను. వద్దనేవాళ్లు రండి, ఎందుకు వద్దో అందరి ముందు చెప్పండి. అప్పటిదాకా ఎవరూ పొలానికి బయానా తీసుకోకండి.