చల్లకొచ్చి ముంత దాచడమెందుకు?

కరోనా తర్వాత 'ఇమ్యూనిటీ' అన్న మాట మన వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. ఒకప్పుడు వెన్న తీశాక మిగిలిన చల్లని ఇరుగుపొరుగుకి ఊరికే పోసేవాళ్లు. ఇప్పుడు పులిసిన పాలని చిన్న చిన్న సీసాల్లో పోసి, రోగనిరోధక శక్తి పేరు చెప్పి అమ్ముతున్నారు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, సూటిగానే చెప్తాను: మజ్జిగ మంచి ఆహారం, మందు మాత్రం కాదు.

ఈ నమ్మకం ఈనాటిది కాదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఎలీ మెచ్నికాఫ్, పులిసిన పాలు ముసలితనాన్ని వెనక్కి నెడతాయని నమ్మి తానూ తాగేవాడు. ఆయనకి 1908లో నోబెల్ వచ్చింది. అయితే అది మన ఒంట్లోని కణాలు క్రిముల్ని ఎలా మింగేస్తాయో చూపించినందుకే గానీ, పెరుగు గురించి కాదు.

అలాగని ఇదంతా వట్టి మాటా అంటే, అదీ కాదు. మన రోగనిరోధక కణాలు పేగుల దగ్గర కూడా ఉంటాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. 36 మందిలో కొందరికి 10 వారాలు పెరుగు, కెఫిర్, కిమ్చి లాంటి పులియబెట్టిన పదార్థాలు బాగా పెట్టారు. వాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి. రక్తంలో వాపుని సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. ఆశ పుట్టించే ఫలితమే. కానీ మనిషికి జలుబు, జ్వరం రాకుండా పోయాయని దానర్థం కాదు.

ఇక మన వంటింటి సంగతి. మజ్జిగ పులుసు మరిగితే అందులోని సూక్ష్మజీవులు బతకవు. రుచీ, కాల్షియం మిగులుతాయి. అవి కావాలంటే చల్లగానే తాగాలి. పెరుగు మీద తేరిన తేటలో ప్రొటీన్, ఖనిజాలు ఉంటాయి కాబట్టి పారబోయకుండా చపాతీ పిండిలో కలుపుకోవచ్చు.

నా భయమల్లా ఒక్కటే. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా, గ్లాసుడు మజ్జిగ పట్టించండి చాలు" అని పిల్లల టీకాలు వాయిదా వేయించే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మజ్జిగ తట్టు రాకుండా ఆపలేదు, టీకా ఆపుతుంది. కీమో తీసుకుంటున్న వాళ్లకైతే పెరుగైనా, ప్రొబయోటిక్ సీసా అయినా డాక్టర్ని అడిగాకే ఇవ్వాలి. ఒంట్లో శక్తి బాగా తగ్గినప్పుడు మంచి సూక్ష్మజీవులు కూడా ఇబ్బంది పెట్టొచ్చు.

రోజూ అన్నంలోకి ఇంత మజ్జిగ పోసుకుందాం, ఆకలికీ ఎండకీ అది చాలు. రోగాల బాధ్యత కూడా దాని నెత్తినే పెట్టడం న్యాయం కాదు.