తల్లి మాట విన్నాడట!

కొడుకు ఏ వెధవపని చేసినా, “వాళ్ళమ్మ నేర్పింది కాబోలు” అనే మహానుభావులు మన వీధిలోనే ఉంటారనుకోకండి. ఇంగ్లాండులోనూ ఉన్నారు. అక్కడైతే ఆ మాట ఏకంగా చరిత్రకే ఎక్కింది.

కెంట్ ప్రాంతంలో, సముద్రపుటొడ్డున, రికల్వర్ అనే చోట రోమన్లు మూడో శతాబ్దం మొదట్లో కోట కట్టారు. సుమారు ఏడెకరాల నేల, చుట్టూ దిట్టమైన రాతి గోడ. వాళ్ళు వెళ్ళిపోయాక, 669లో కెంట్ రాజు ఎగ్బర్ట్ కోట లోపలి స్థలం మఠానికి దానం చేశాడు. రోమన్ల రాళ్ళతోనే చర్చి లేచింది. సముద్రం ఊరుకుంటుందా? ఒడ్డు కోసుకుంటూ వచ్చి సగం కోటని మింగేసి, చర్చి గుమ్మం దాకా వచ్చింది. 1809లో ఆ చర్చి పాద్రీ క్రిస్టఫర్ నేలర్ దాన్ని పడగొట్టించాడు.

ఎందుకయ్యా అంటే, చర్చి గుమాస్తా రాసిపెట్టిన కారణం చూడండి. ఆ చర్చిని బొమ్మలాటకోసం అట్టేపెట్టినట్టుందని పాద్రీగారి తల్లికి తోచిందట, కొడుక్కి నూరిపోసి కూల్పించిందట!

పాద్రీ ఆయన. తీర్మానం ఊరి సభది. అలలు సముద్రానివి. నింద మాత్రం తల్లికి! ఆవిడ నిజంగా అన్నదే అనుకుందాం, నలభై మాటలు అననీండి, పలుగు పట్టించిన అధికారం ఎవరిది? ఆ గుమాస్తా ఆవిడ పేరైనా రాయలేదు. “తల్లి” అంటే చాలుననుకున్నాడు కాబోలు.

ఆ కోటలో ఇంకా తల్లులున్నారు. 1960ల తవ్వకాల్లో సైనికుల కట్టడాల పునాదుల్లో పసికందుల అస్థిపంజరాలు బయటపడ్డాయి. బలి ఇచ్చారా, చచ్చిపోయాక పాతిపెట్టారా అని పండితులు తర్కించుకున్నారు. సరే. మరి కన్నవాళ్ళ సంగతో? రోమన్ సిపాయి పెళ్ళాడకూడదని చాలాకాలం చట్టం ఉండేది. చట్టం ఎలా ఉన్నా పిల్లలు ఆకాశంలోంచి ఊడిపడరుగా! గాలివాన రాత్రుళ్ళు అక్కడ పసిపిల్ల ఏడుపు వినిపిస్తుందని ఆ ఊళ్ళో కథ చెప్పుకుంటారు. ఆ కథలో ఏడ్చేది పిల్లే, తల్లి ఊసు లేదు. మన అవసరం నిందలప్పుడే కదా!

చర్చి జంట గోపురాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఓడలకి గుర్తుగా పనికొస్తాయని ట్రినిటీ హౌస్ సంస్థవారు 1810లో కొని, ఒడ్డు కోసుకుపోకుండా కట్టుదిట్టం చేశారు. ఎంత దూరదృష్టి అని అందరూ ఆ పెద్దమనుషుల్ని మెచ్చుకున్నారు. వాళ్ళమ్మలు చెప్పి ఉంటారని ఒక్కరూ అనలేదు.