పులికి కాపలా చెంచోళ్లు, పెత్తనం ఎవరిది?

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పులి ఫొటో చూసి షేర్ చేస్తరు గదా. ఆ కెమెరా చెట్టుకు కట్టినోళ్లల్ల మన చెంచు అన్నలున్నరు. బేస్ క్యాంపుల పండుకొని, తెల్లారంగనే పులి అడుగులు చూసుకుంట నడుస్తరు. ఎండాకాలం మంటలార్పుతరు, సాసర్ పిట్లల్ల నీళ్లు నింపుతరు. ఏ వాగుల చెలిమె ఎండలేదో వాళ్లకు ఎరుక. డిగ్రీ చదివిన నాకు తెల్వదు, అది వేరే ముచ్చట.

కాగితాల మీద వాళ్లు ఉత్త వాచర్లు. పెంటలు ఖాళీ చేయాలన్న మాట లేస్తే మాత్రం అదే చెంచోళ్లు పులికి అడ్డమైతరు! 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అడవిని కాపాడే, నిర్వహించే హక్కు మనకే ఇచ్చింది. కూలికి కాపలా పెట్టుకునుడు నిర్వహణ కాదు. మీ పెంటకు ఆ హక్కు పత్రం వచ్చిందా? రాకుంటే గ్రామసభల ఫారం-సి పెట్టించున్రి, రసీదు తీసుకోన్రి.