జంట ఉంగరాలు - బంగారం ఎవరిది?

ఈ మధ్య ఏ నిశ్చితార్థానికి వెళ్ళినా ఉంగరాలు మార్చుకోవడమే అసలు ఘట్టంగా కనిపిస్తోంది. తాంబూలాలు, లగ్నపత్రిక పక్కకు జరిగి, ఒకే నమూనాలో చేయించిన రెండు ఉంగరాలు పళ్ళెంలో ముందుకొచ్చాయి. ఒకరి ఉంగరం లోపల మరొకరి పేరు చెక్కిస్తారు. కొందరు అమ్మమ్మ కాలంనాటి ఉంగరాన్ని వెతికి తీసి, దానికి జతగా కొత్తది చేయిస్తున్నారు. ఈ ముచ్చటను తీసిపారేయాలని నాకేమీ లేదు. మంగళసూత్రం, నల్లపూసలు, మెట్టెలు... పెళ్ళి గుర్తులన్నీ ఆమె ఒంటిమీదే మోసే చోట, ఇద్దరికీ ఒకే గుర్తు అనే ఆలోచన నాకు నచ్చింది కూడా. ఐతే గుర్తు సమానమైనంత మాత్రాన బంగారం మీద హక్కు సమానమవుతుందా? ఉంగరాల నమూనా ఒకటే కావచ్చు, కానీ 'ఎన్ని గ్రాములు పెడుతున్నారు' అనే ప్రశ్న చాలా ఇళ్ళలో ఇప్పటికీ మగపెళ్ళివారి వైపు నుంచే వస్తుంది.

ఉంగరం కేవలం ప్రేమకు గుర్తుగా ఎప్పుడూ లేదు. అమెరికాలో ఒకప్పుడు పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చి తప్పిన మగవాడి మీద స్త్రీ నష్టపరిహారం కోసం దావా వేయగలిగేది. 1935లో ఇండియానా రాష్ట్రం ఆ హక్కును రద్దు చేసింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. దావా హక్కు పోయిన తర్వాత ఖరీదైన వజ్రపుటుంగరమే స్త్రీకి హామీ సొమ్ములా పనిచేసిందని మార్గరెట్ బ్రినిగ్ 1990లో ఒక వ్యాసంలో వాదించారు. డి బీర్స్ కంపెనీకి 'వజ్రం శాశ్వతం' అనే అర్థమొచ్చే ప్రకటన వాక్యం 1947లో గానీ రాలేదు. (అది రాసిన ఫ్రాన్సెస్ గెరెటీ అసలు పెళ్ళే చేసుకోలేదు.) మగవాళ్ళూ పెళ్ళి ఉంగరం పెట్టుకోవడం అక్కడ మామూలైంది రెండో ప్రపంచయుద్ధ కాలం నుంచే. అంటే, శాశ్వతమనే మాట రాకముందే ఆ ఉంగరం వెనక స్త్రీల ఆర్థిక భద్రత ప్రశ్న ఉంది.

మన దగ్గర ఆ ప్రశ్నకు పేరు స్త్రీధనం. పెళ్ళికి ముందు, పెళ్ళిలో, ఆ తర్వాత ఆమెకిచ్చిన నగ ఆమె సొంతం. కానీ అత్తవారింట్లో అడుగుపెట్టగానే అది 'మన బంగారం' అయిపోతుంది, బీరువా తాళాలు అత్తగారి కొంగున చేరతాయి. కోర్టులు కూడా ఈ 'మన'కు లొంగిన కాలం ఉంది. కాపురంలో ఉన్న వస్తువులు ఇద్దరి స్వాధీనంలో ఉన్నట్టేనని పంజాబ్-హర్యానా హైకోర్టు 1982లో భావించింది. ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లో దాన్ని తోసిపుచ్చింది. భర్తకు అప్పగించిన స్త్రీధనం అతని దగ్గర నమ్మకం మీద ఉంచినదేనని, తిరిగివ్వకపోతే నేరమేనని చెప్పింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళకు, 2024లో, మొదటి రాత్రే భద్రత పేరుతో భర్త 89 సవర్ల నగలు తీసుకుని తల్లికిచ్చిన కేరళ కేసులో, స్త్రీధనం ఉమ్మడి ఆస్తి కాదని అదే కోర్టు మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఆమెకు 25 లక్షలు ఇవ్వమంది. మళ్ళీ ఎందుకు చెప్పవలసి వచ్చిందో మనం ఆలోచించాలి.

సెంటిమెంటు అనే మాటను ఎవరు ఎప్పుడు వాడుతున్నారో గమనించండి. భర్త వ్యాపారానికి తాకట్టు పెట్టేటప్పుడు అమ్మమ్మ ఉంగరం ఉత్త బంగారం. విడిపోయాక ఆమె అడిగితే, 'ఒక్క ఉంగరం కోసం కోర్టుకెక్కుతుందా' అంటారు. తన పుట్టింటివారు అతనికి పెట్టిన ఉంగరం అతనిదేనని ఆమె ఒప్పుకుంటుంది. వాళ్ళు ఆమెకు పెట్టినది మాత్రం 'మా వంశానిది, తిరిగిచ్చెయ్' అంటారు.

పాత నగకు ఇంకో గండం ఉంది. జత కుదరాలని దాన్ని కరిగిస్తారు. రాళ్ళ బరువు పోగా, తరుగు, మజూరీ పోగా మిగిలినదానితో కొత్త ఉంగరాలొస్తాయి. ఆ బిల్లు ఎవరి పేరున ఉంది? వరుడి పేరునో అతని తండ్రి పేరునో ఉంటే, మూడు తరాల ఆడవాళ్ళ చేతులు మారిన బంగారం ఆ ఒక్క కాగితంతో మగవాళ్ళ కొనుగోలుగా మారిపోతుంది.

వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం వధువుకొచ్చిన కానుకల జాబితా వధువు, వరుడికొచ్చినవి వరుడు రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం ఉండాలి. ఇద్దరూ సంతకం చేయాలి. ఫోటోలకు, వీడియోలకు లక్షలు పోసే ఇళ్ళలో కూడా ఈ కాగితం ఉండదు. అడిగితే 'అపశకునం' అంటారు, చదువుకున్నవాళ్ళు సహా. కౌన్సిలింగ్‌కు వచ్చే స్త్రీలు నగలన్నీ గుర్తుచేసుకుని నోటితో చెప్పగలరు, కాగితం మాత్రం చూపలేరు. అందుకే పెళ్ళికి ముందు ఆడపిల్లలతో మనం జరిపే సమావేశాల్లోనే ఈ జాబితా నమూనా పంచాలి.

కొత్త ఉంగరమైతే 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉండి తీరాలి. బిల్లు అమ్మాయి పేరున తీసుకుని ఆ సంఖ్య జాబితాలో రాసుకోవచ్చు. రెండు గ్రాముల లోపు నగలకు ఈ నిబంధన లేదు. సన్నటి జంట ఉంగరాలు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి బిల్లు ఇంకా ముఖ్యం. పాత ఉంగరానికి ఏ సంఖ్యా ఉండదు. దాన్ని తూకం వేయించి, ఫోటో తీసి, ఇచ్చిన మనిషి బతికుండగానే 'ఇది నా మనవరాలికి ఇస్తున్నాను' అని ఒక కాగితం రాయించుకోవాలి. అమ్మమ్మకు రాయడం రాకపోతే వేలిముద్ర వేయించి, ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించుకోవాలి.